మూర్ఛరోగము – మన యిండ్లలోని దాపరికము

జబ్బులలో రెండు తెగలు కలవు. నలుగురితో చెప్పుకొను జబ్బులు కొన్ని, చెప్పుకొనరానివి కొన్ని. మధుమేహము వచ్చినదని పేరంటమునకు వచ్చిన స్త్రీలతో చెప్పుటకు ఎవ్వరును జంకరు. రక్తపుపోటునకు ఏ మాత్ర వేసికొనుచున్నారో ఒకరినొకరు అడిగి తెలిసికొందురు. కాని యింటిలో ఒకరికి మూర్ఛలు వచ్చుచున్నచో గొంతు తగ్గును, తలుపు మూయబడును, మందుల చీటి బీరువాలో చీరల మడతల క్రిందికి పోవును. ఇరుగుపొరుగు అడిగినచో "నీరసముచేత కన్ను తిరిగినది" అని చెప్పుదురు. రెండు జబ్బులును శరీరమునకు వచ్చినవే. ఒకదానికి సానుభూతియు, రెండవదానికి సిగ్గును ఎందుకు కలుగవలెనో సోదరీమణులు ఒకింత ఆలోచింపవలెనని ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

మూర్ఛ సాధారణముగా ఒకటి రెండు నిమిషములలో తనంతట తానే తగ్గును. నెలకొకసారి వచ్చునట్టి రోగిని తీసికొన్నను, ఆ రోగము ఆమె కాలములో తినునది నెలకు కొద్ది నిమిషములు, ఆపైని కొన్ని గంటల బడలిక. తక్కిన దినములన్నియు ఆమె తక్కినవారివలెనే యుండును. కాని ఆ తక్కిన దినములను తినివేయునది వేరొకటి కలదు. ఎవరికి తెలియునో, ఎవరేమనుకొందురో, పెండ్లి నిలుచునో నిలువదో యను భయమే అది. రోగము నిమిషములను తీసికొనిపోవుచున్నది, దాపరికము జీవితమును తీసికొనిపోవుచున్నది.

ఈ రోగమేమి?

మన మెదడులోని నాడీకణములు అతి స్వల్పమైన విద్యుత్ప్రవాహములచేత ఒకదానితో నొకటి మాటలాడుకొనుచుండును. ఏ కారణముచేతనైనను కొన్ని కణములు హద్దుమీరి ఒక్కసారిగా ఈ విద్యుత్తును వెలువరించినచో, ఆ కొద్దిసేపు శరీరము మన వశము తప్పును. అదియే మూర్ఛ. ఇరువదినాలుగు గంటలకు మించిన వ్యవధితో, జ్వరము మొదలగు తాత్కాలిక కారణమేదియు లేకుండ రెండుసార్లు వచ్చినచో వైద్యులు సాధారణముగా మూర్ఛరోగమని నిర్ణయింతురు. ఆరు మాసముల ప్రాయము మొదలు ఐదేండ్ల ప్రాయము వరకు గల పిల్లలకు తీవ్రజ్వరములో వచ్చు మూర్ఛ వేరు. అది వచ్చిన పిల్లలలో చాలమందికి ముందు ముందు మూర్ఛరోగము రాదు.

మూర్ఛయనగా నేలబడి కాలుచేతులు కొట్టుకొనుటయే యని మనలో చాలమంది యనుకొందురు. అది ఒక విధము మాత్రమే. కొందరు పిల్లలు చదువుచు చదువుచు కొన్ని క్షణములు శూన్యముగా చూచి, మరల ఏమియు జరుగనట్లు చదువుదురు. పరధ్యానమని ఉపాధ్యాయులు వారిని దండింతురు. కొందరు స్త్రీలు పెదవులు చప్పరించుచు, పయ్యెదకొంగు పీకుచు, పిలిచిన పలుకక కొంతసేపు తిరుగుదురు. గాలి సోకినదని యింటివారు భయపడుదురు. ఈ రెండును మూర్ఛలు కావచ్చును. వీనికిని మందు కలదు.

కారణములు పెక్కు. కాన్పునాడు బిడ్డకు ప్రాణవాయువు చాలకపోవుట, తలకు దెబ్బ తగులుట, మెదడువాపు, పక్షవాతము, మెదడులో గడ్డ, కొన్ని వంశగత లక్షణములు వీనిలో ముఖ్యమైనవి. మన దేశమున మరియొక కారణము కలదు. పందిమాంసమువలన సంక్రమించు బద్దెపురుగును కడుపులో గలవారి మలముద్వారా ఆ పురుగు గ్రుడ్లు నేలను, నీటిని, కాయగూరలను చేరును. అవి మన నోటబడినచో వాని పిల్లలు రక్తముతో మెదడునకు పోయి అచ్చట తిత్తులు కట్టును. కావున మాంసము ముట్టనివారికిని ఈ వ్యాధి రావచ్చును. ఆకుకూరలను, పచ్చిగా తిను కూరలను పలుమారులు కడుగుట, భోజనమునకు ముందును మరుగుదొడ్డికి పోయివచ్చిన పిమ్మటను చేతులు శుభ్రపరచుకొనుట దీనికి మంచి నివారణలు. ఇన్ని చెప్పినను, రోగులలో సగముమందికి కారణమిదియని తేలనే తేలదు.

ఈ రోగము అంటువ్యాధి కాదు. మూర్ఛవచ్చిన వానిని ముట్టుకొన్నను, నోటి నురుగు తుడిచినను, ఒకే పంక్తిని భుజించినను రాదు. ఇది పిచ్చియు కాదు. ప్రపంచములో సుమారు 5 కోట్లమంది, మన దేశమున సుమారు కోటిమంది దీనితో జీవించుచున్నారని అంచనా. సరియైన చికిత్స లభించినచో నూటికి 70 మంది వరకు మూర్ఛలు లేకుండ బ్రతుకవచ్చునని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది.

తాళపుచెవుల మహిమ

మూర్ఛ వచ్చినవాని చేతిలో తాళపుచెవుల గుత్తి పెట్టుట మనలో అనాదిగా నున్నది. ఇనుము దొరకనిచోట చెప్పు వాసనయో ఉల్లిపాయ వాసనయో చూపుదురు. "పెట్టగానే తగ్గినది, మేము కన్నులార చూచితిమి" అని చెప్పువారు అబద్ధమాడుటలేదు. మూర్ఛ రెండు నిమిషములలో తానే తగ్గును. గుత్తిని వెదకి తెచ్చి చేతిలో పెట్టుటకును దాదాపు అంతే కాలము పట్టును. పెట్టకపోయినను తగ్గియుండెడిదే. తగ్గుటకు ముందు చేతిలో ఏది యున్నచో దానికి కీర్తి దక్కుచున్నది.

తాళపుచెవివలన నష్టము తక్కువ. భూతవైద్యునివలన నష్టము ఎక్కువ. అతడు ధనము తీసికొనును, మందు మాన్పించును, కొన్నియెడల వాతలు పెట్టును. మూర్ఛ వచ్చినవానికి కాలిన మచ్చ మిగులును. చిత్రమేమనగా, ఇట్టి సాంఘికమైన అపకీర్తికి పాశ్చాత్యులు వాడు స్టిగ్మా యను మాట గ్రీకు భాషనుండి పుట్టినది. ఆ భాషలో దానికి శరీరముపై పొడిచియో కాల్చియో వేసిన ముద్ర యని అర్థము. ఆ ముద్రను చూచి వాడు బానిసయో నేరస్థుడోయని లోకము గుర్తించెడిది. మూర్ఛరోగి శరీరముపై లోకము వేయు ముద్ర కంటికి కానరాదు. అయినను ఆ ముద్ర ఉన్నట్లే అందరును ప్రవర్తింతురు.

ఇది దేవతల కోపమనియో, దయ్యముల పనియనియో చెప్పుట మన పూర్వుల వైద్యమునకు సమ్మతము కాదు. చరకసంహితలో ఈ రోగమునకు అపస్మారమని పేరు. స్మరణము తొలగిపోవుటయని దాని భావము. వాతపిత్తకఫములనుబట్టి దానిని విభజించి చికిత్స చెప్పిరి. గ్రీకుదేశమున హిపోక్రటీసు పేర చెలామణియగు గ్రంథము, క్రీస్తునకు పూర్వము సుమారు 400వ సంవత్సరమునాటిది, ఈ రోగము తక్కిన రోగములకంటె దైవికమేమియు కాదనియు, దీనికి మూలము మెదడేననియు వాదించినది. వైద్యులు రెండువేల నాలుగువందల యేండ్లనుండి చెప్పుచున్నదానిని మన పెరటివసారాలు ఇంకను వినలేదు.

నటరాజస్వామి పాదము క్రింద నున్న మరుగుజ్జు పేరును అపస్మారుడే. అజ్ఞానమునకు, మరపునకు అతడు గుర్తని పెద్దలు చెప్పుదురు. స్వామి అణచినది అజ్ఞానమును. రోగము వచ్చినవారిని కాదు. మనము మాత్రము అజ్ఞానమును నెత్తిన పెట్టుకొని రోగిని కాలి క్రింద నుంచుచున్నాము.

అవమానము, అవమానభయము

1986వ సంవత్సరమున గ్రాహమ్ స్కాంబ్లర్, ఆంథొనీ హాప్కిన్స్ అను ఇరువురు ఆంగ్లేయులు మూర్ఛరోగులతో మాటలాడి ఒక సంగతిని బయటపెట్టిరి. లోకము రోగిని నిజముగా అవమానించుట యొకటి. అవమానించునేమో యని రోగి లోలోన కుములుట మరియొకటి. ఈ రెండింటిలో రెండవదియే జీవితమును ఎక్కువగా చెరచుచున్నదని వారు చూపిరి. భయముచేత రోగి దాచును. దాచుటచేత నిజముగా అవమానము జరుగు సందర్భములు తక్కువగునుగాని, దాచుట యనునదే నిత్యబాధయగును. నిజము చెప్పినచో ఆదరించియుండెడివారు కూడ ఎవరో తెలియకుండ పోదురు.

మన యిండ్లలో ఈ భయమును బిడ్డకు మొదట నేర్పునది, వైరముచేత కాదు, ప్రేమచేతనే, తల్లి. "ఎవ్వరితోను చెప్పకుమమ్మా" అను మాట వినిన ఆరేండ్ల పిల్ల, తనలో చెప్పరానిది ఏదియో ఉన్నదని ఆనాడే గ్రహించును. జబ్బు పేరు తెలియకముందే సిగ్గు తెలియును. ఆటకు పంపరు, ఈత నేర్పరు, బంధువుల యింట పరుండనీయరు, ఒక్కొకయెడల బడియే మాన్పింతురు. పిల్ల ప్రాణమునకు భయపడి కొంత, లోకమునకు భయపడి కొంత. ఈ రెండు భయములను విడదీసికొనుట తల్లులు చేయవలసిన మొదటి పని. ఎవరును దగ్గర లేనప్పుడు ఈతకు దిగరాదనుట ప్రాణమునకు సంబంధించిన జాగ్రత్త. స్నేహితురాలి పుట్టినరోజునకు పోరాదనుట లోకమునకు దాస్యము.

పెండ్లిమాటలు

దాపరికమునకు అసలు కారణము పెండ్లియని వేరుగ చెప్పనక్కరలేదు. మూర్ఛలు వచ్చు పిల్లకు సంబంధము కుదురదు. ఆ మాట పొక్కినచో ఆమె చెల్లెండ్రకును కుదురదు. కావున దాచి చేయుదురు. "పెండ్లియైనచో తగ్గును" అను మాటతో మనస్సును సమాధానపరచుకొందురు. పెండ్లికిని మూర్ఛకును ఏ సంబంధమును లేదు. పెండ్లిచేత అది తగ్గదు.

దాచి చేసిన పిమ్మట జరుగుదానిని నిదానముగా చూడుడు. పెండ్లిసందడిలో మూడు రాత్రులు నిద్ర యుండదు. ఉపవాసములు, ప్రయాణములు, అలసట. క్రొత్తయింట మందు ఎవరికంట బడునో యని పిల్ల మాత్రలు మానివేయును, లేక పుట్టింటిలోనే వదలివచ్చును. నిద్రలేమియు, మందు తప్పుటయు మూర్ఛను రప్పించు ముఖ్యకారణములు. ఏండ్లతరబడి రాని మూర్ఛ అత్తవారింట వచ్చుటకు కావలసినదంతయు మనమే సమకూర్చి పంపుచున్నాము. అప్పుడు అత్తవారు చూచునది రోగమునొక్కదానిని కాదు, మోసమును కూడ. రోగము సంగతి ముందుగ తెలిసియుండినచో జాలిపడదగినవారు, ఇప్పుడు కోపించుటకు హక్కు సంపాదించుకొందురు. పిల్ల పుట్టింటికి వచ్చును.

ఇందులో మరియొక అన్యాయము కలదు. కొడుకునకు మూర్ఛలున్నచో దాచి పెండ్లిచేయుట లోకమున చిన్నతప్పుగానే చెల్లుచున్నది. వచ్చిన కోడలు సేవచేయవలెననియే అందరును ఎదురుచూతురు. అదే రోగము కోడలికున్నచో ఆమెను పంపివేయుట న్యాయమగుచున్నది. రోగము ఒకటే, త్రాసులు రెండు.

చట్టమునందు కూడ ఈ కళంకము చాలకాలముండెను. 1955వ సంవత్సరపు హిందూ వివాహచట్టములో, పెండ్లికి అర్హత లేనివారిని చెప్పుచోట మాటిమాటికి వచ్చు ఉన్మాదముతోపాటు మూర్ఛరోగమును కూడ చేర్చియుండిరి. 1999వ సంవత్సరపు సవరణచట్టము ఆ మాటను తొలగించినది. ప్రత్యేక వివాహచట్టమునుండియు అప్పుడే తీసివేసిరి. ఇది మన దేశపు వింత కాదు. బ్రిటనులో మూర్ఛరోగుల వివాహమునకు అడ్డమైన చట్టము 1970 వరకు ఉండెను. అమెరికాలో 1970 తరువాతి యేండ్ల వరకును భోజనశాలలు, నాటకశాలలు మొదలగు బహిరంగస్థలములకు వారిని రానీయకుండుట చట్టసమ్మతముగానే యుండెను. 2023వ సంవత్సరమున బొంబాయి ఉన్నతన్యాయస్థానపు నాగపూరు ధర్మాసనము, మూర్ఛరోగము నయముకాని రోగమును కాదు, మానసికరోగమును కాదు, విడాకులకు అది ఆధారము కానేరదని తీర్పు చెప్పినది.

కావున మూర్ఛరోగము కలదను కారణముచేత నేడు పెండ్లి చెల్లకపోదు, విడాకులు రావు. కాని ముఖ్యమైన విషయమును దాచి సమ్మతి పొందిరని వ్యాజ్యము వేయుటకు చట్టములో తావు కలదు. రోగమును చట్టము తప్పుగా ఎంచుటలేదు. మోసమను వాదమునకు ఎడమీయకుండుట మన చేతిలోనున్నది.

ఎప్పుడు చెప్పవలెను? మొదటి చూపులనాడే చెప్పనక్కరలేదు. ఇరువైపుల ఇష్టపడిన పిమ్మట, నిశ్చయతాంబూలములకు ముందు, పిల్లయే స్వయముగ వరునితో చెప్పుట మేలు. "నాకు ఈ రోగము కలదు. ఈ మందు వాడుచున్నాను. కడపటి మూర్ఛ వచ్చి ఇంతకాలమైనది. మా వైద్యుని ఇరువురమును కలిసి అడుగవచ్చును" అను నాలుగు మాటలు చాలును. ఈ మాటలకు తప్పిపోవు సంబంధము తప్పిపోవుటయే మేలు. పెండ్లికి ముందు తప్పినది సంబంధమొక్కటే. పిమ్మట తప్పినది ఆమె బ్రదుకు.

సంతానము

"పిల్లలు పుట్టరు, పుట్టినను వారికిని వచ్చును" అను మాట రెండు విధముల తప్పు. మూర్ఛరోగము గల తల్లులలో నూటికి తొంబదిమందికి పైగా ఆరోగ్యవంతులైన బిడ్డలనే కనుచున్నారు. ఆ బిడ్డలలో చాలమందికి ఈ రోగము రాదు.

అయితే జాగ్రత్తలు కలవు. కొన్ని మందులు, ముఖ్యముగా వాల్‌ప్రోయేట్ అనునది, గర్భస్థశిశువునకు హాని చేయగలవు. కావున గర్భము ధరించుటకు పూర్వమే వైద్యుని కలిసి మందు మార్చవలెనేమో అడుగవలెను. ఫోలికామ్లపు మాత్రలను గర్భధారణకు ముందునుండియే వైద్యుడు చెప్పిన మోతాదులో వాడవలెను. కొన్ని మూర్ఛమందులు గర్భనిరోధపు మాత్రల బలమును తగ్గించును. దానిని గూర్చియు సంకోచింపక అడుగవలెను. అన్నింటికంటె ముఖ్యము, గర్భవతియని తెలియగానే భయపడి మందు తటాలున మానరాదు. మందువలన కలుగు భయముకంటె, మానుటచేత వచ్చు తీవ్రమూర్ఛ తల్లికిని బిడ్డకును ఎక్కువ ప్రమాదము. చాల మందులు వాడుచు తల్లులు పాలీయవచ్చును.

తిరువనంతపురములోని శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థయందు మూర్ఛరోగము గల గర్భిణుల వివరములను చేర్చి పరిశీలించు పనిని 1998లో మొదలుపెట్టిరి. ఏ మందు ఏ తల్లికి మేలో నేడు వైద్యులు ఊహచేత కాక అనుభవముచేత చెప్పగలుగుచున్నారన్నచో, ఇట్టి పరిశ్రమల ఫలమే. దానికి ముఖ్యముగా ధన్యవాదమీయవలసినది తమ రోగమును దాచక వచ్చి చెప్పిన ఆ తల్లులకు.

మందు

1857లో బ్రోమైడు లవణమును, 1912లో ఫినోబార్బిటాల్‌ను, 1938లో ఫినిటాయిన్‌ను వైద్యులు ఈ రోగమునకు ఉపయోగకరములని కనుగొనిరి. జర్మనీదేశస్థుడగు హాన్స్ బెర్గరు మానవుని మెదడులోని విద్యుత్తరంగములను యంత్రముతో గీయించి 1929లో ప్రకటించెను. నేడు వైద్యులు తలకు తీగలు తగిలించి చేయు పరీక్ష అదియే. దానిలో నొప్పి లేదు, కరెంటు పెట్టుట లేదు. మన మెదడులోనిదానిని చదువుట మాత్రమే.

ఇప్పుడు మందులు చాల కలవు. పాతవానిలో కొన్ని మిక్కిలి చవుక. అందరికిని తెలియవలసినది ఒకటే. మందును ప్రతిదినము అదే వేళకు వేసికొనవలెను. మూర్ఛలు రాకున్నవి గదాయని మానరాదు; రాకుండుట ఆ మందు ఫలమే. సాధారణముగా రెండేండ్లకు పైగా మూర్ఛ రాకున్నచో తగ్గించు సంగతిని వైద్యుడు ఆలోచించును. మందులకు లొంగనివారిలో కొందరికి శస్త్రచికిత్స గుణమిచ్చును. రోగి నిద్ర చెడగొట్టుకొనరాదు. వ్రతములు, ఉపవాసములు, జాగరములు చేయు సోదరీమణులు వైద్యునితో చెప్పి చేయవలెను. మాత్ర వేసికొనుటచేత వ్రతభంగము కాదు.

మూర్ఛ వచ్చినపుడు చేయవలసినవి

మొదట గడియారము చూడవలెను. దగ్గరనున్న పొయ్యిని, పదునైన వస్తువులను దూరముగ తీయవలెను. తలక్రింద మెత్తని గుడ్డ పెట్టి, మెడవద్ద బిగువైన బట్టను సడలించి, కొట్టుకొనుట తగ్గగానే ప్రక్కకు ఒత్తిగిల్లజేయవలెను. అప్పుడు నోటి నురుగు బయటికి పోవును, ఊపిరి ఆడును. తెలివి వచ్చువరకు దగ్గరనుండి నిదానముగ మాటలాడవలెను.

కాలుచేతులను అదిమి పట్టరాదు. నోటిలో గరిటెగాని, గుడ్డగాని, వ్రేలుగాని పెట్టరాదు. నాలుకను మ్రింగుట యనునది జరుగదు, పండ్లు విరుగుట జరుగును. పూర్తిగా తెలివి రాకముందు నీళ్లు, మందు త్రాగింపరాదు. చుట్టును గుంపు చేరనీయరాదు. అయిదు నిమిషములకు తగ్గకున్నను, తెలివి రాకముందే మరల వచ్చినను, గర్భవతియైనను, దెబ్బ తగిలినను, మొదటిసారి వచ్చినదైనను వెంటనే 108కి పిలువవలెను.

ఇంటిలో కొన్ని మార్పులు రోగికి స్వాతంత్ర్యమునిచ్చును. స్నానాలగది గడియ లోపల వేయక, తలుపు చేరవేసికొని వెలుపల ఎవరినైన ఉండుమనవలెను. ఒంటరిగ నున్నపుడు నూతివద్దకు, చెరువునకు పోరాదు. వంట చేయరాదని శాసింపనక్కరలేదు. పొయ్యిపైని గిన్నెలను వెనుకవైపున పెట్టుకొని, తోడు ఉన్నపుడు వండుకొనవచ్చును. మూర్ఛలో పొయ్యిమీద పడి కాలుట మన స్త్రీలలో జరుగుచున్న ప్రమాదము. రోగము సంగతి ఇంటివారికి తెలియనిచో ఈ జాగ్రత్తలేవియు సాధ్యములు కావు. దాపరికము మానముతోపాటు ప్రాణమునకును ముప్పు తెచ్చుట ఇట్లే.

బడి, పని, పేరు

బిడ్డను బడిలో చేర్చినపుడు ఉపాధ్యాయురాలితో చెప్పి, పైని వ్రాసిన నాలుగు పనులను ఆమెకు నేర్పవలెను. ఒకనాడు తరగతిలో మూర్ఛ వచ్చినచో, ఆమె కలవరపడక నిలిచిన తీరును చూచి నలువదిమంది పిల్లలు ఇది భయపడదగినది కాదని నేర్చుకొందురు. ఆమె పరుగెత్తినచో నలువదిమందియు పరుగెత్తుట నేర్చుకొందురు.

రష్యాదేశపు నవలాకారుడు దస్తయేవ్‌స్కీకి మూర్ఛరోగముండెను. దక్షిణాఫ్రికా క్రికెట్ ఆటగాడు జాంటీ రోడ్స్ తనకీ రోగమున్నదని బహిరంగముగ చెప్పుకొనెను. ఈ పేర్లు వినుట ధైర్యమునిచ్చును. కాని గౌరవము పొందుటకు మూర్ఛరోగులు గొప్పవారు కానక్కరలేదు. లెక్కలు వ్రాసికొను గుమాస్తాకును, కుట్టుపని చేసికొను గృహిణికిని అదే గౌరవము చెల్లవలెను.

మాట కూడ ముద్రవేయును. కొరియా దేశమువారు తమ భాషలో ఈ రోగమునకున్న పాతపేరు ఉన్మాదమును స్ఫురింపజేయుచున్నదని, 2010వ సంవత్సరప్రాంతమున దానిని విడిచి, మెదడులోని విద్యుత్తునకు సంబంధించిన క్రొత్త పేరు పెట్టుకొనిరి. మనకు క్రొత్తపేరు అక్కరలేదు, పాత అలవాటు పోయిన చాలును. "మూర్ఛపిల్ల", "ఫిట్ల మనిషి" అనుట మానవలెను. ఉబ్బసము గలదానిని ఉబ్బసపుపిల్లయని పిలుచుచున్నామా? ఆమెకు తల్లిదండ్రులు పెట్టిన పేరు కలదు.

మన దేశమున ప్రతియేడు నవంబరు 17వ తేదీని జాతీయ మూర్ఛరోగదినముగ పాటించుచున్నారు. 2022లో ప్రపంచ ఆరోగ్యసభ మూర్ఛ మొదలగు నాడీరోగములను గూర్చి 2031 వరకు జరుగవలసిన కార్యక్రమమును అంగీకరించినది. దినములును, తీర్మానములును మంచివే. కాని పెండ్లిమాటలు జరుగునది సభలలో కాదు. అవి మన వసారాలలో, మన నోట జరుగుచున్నవి. సంబంధము వెదకునది మనము, ఆరా తీయునది మనము, "ఆ యింట అదేదో ఉన్నదట" అని చెవిలో చెప్పునది మనము. చట్టము 1999లో తీసివేసిన మాటను నేటికిని అమలుజరుపుచున్నదియు మనమే.

కొడుకులు గల తల్లులతో ఒక్క మాట. రేపు ఒక పిల్ల మీ యెదుట కూర్చుండి, కంఠము వణకుచుండగా, తనకు మూర్ఛరోగమున్నదని చెప్పినచో, ఆమె మీకు చెప్పినది రోగమును మాత్రమే కాదు. మీ యింట అబద్ధమాడనని కూడ చెప్పినది. రోగమునకు మందు ఎక్కడనైనను దొరకును. అట్టి సత్యసంధత అంగడిలో దొరకదు. వెంటనే లేచిపోక, ఏ మందు వాడుచున్నావమ్మా యని అడుగుడు.